గరుకు నాదం

మా కళాశాల సాంస్కృతిక నిధి నుండి ఎలక్ట్రిక్ గిటారుకు ఒక పెడల్ కొనవలెనన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, కమిటీ పెద్దలలో ఒకరు వేసిన ప్రశ్న మాకు నచ్చినది. "నిర్మలంగా పలికే వాద్యం ధ్వనిని చెడగొట్టే పెట్టెను డబ్బు పెట్టి కొనడమెందుకు?" అన్నారు వారు. విద్యార్థులు నవ్వారు గానీ, అది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పైగా గత వార్షికోత్సవంలో గిటారు మోతకు పాట వినపడలేదన్న ఫిర్యాదు ఉన్నది. ఈసారి కూడా అట్లే జరిగితే ఎలక్ట్రిక్ వాద్యాలకు వేదిక మీద తావుండదని కమిటీ స్పష్టం చేసినది. తెలుగు పాఠం చెప్పుకొనే మాకు ఈ వ్యవహారం ఎందుకు అప్పగించారో గానీ, అప్పగించిన పిమ్మట తెలుసుకొనక తప్పలేదు. సమావేశంలో చెప్పడానికి వ్యవధి చాలనిది ఇక్కడ రాస్తున్నాము.

ఈ చెడిన ధ్వని మొదట ఎవరూ కోరి తెచ్చుకొన్నది కాదు. 1951లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో "రాకెట్ 88" అనే పాట రికార్డు చేసే వేళకు ఆంప్లిఫయర్ దెబ్బతిని ఉన్నది. స్పీకరులో కాగితాలు కుక్కి పని కానిచ్చారు. ఆ బొంగురు ధ్వనే జనానికి నచ్చినది. తరువాత నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాటకు గ్రేడీ మార్టిన్ వాయిస్తూండగా మిక్సింగ్ బల్లలో ఏదో చెడి, వాద్యం గరగరలాడినది. దానిని తుడిచివేయక అట్లే ఉంచారు. ఆ స్టూడియో ఇంజనీరు గ్లెన్ స్నాడీ అదే ధ్వనిని కావలసినప్పుడు పుట్టించే పరికరాన్ని రూపొందించగా, గిబ్సన్ కంపెనీ 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ పేరిట విడుదల చేసినది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందంలోని కీత్ రిచర్డ్స్ "శాటిస్‌ఫాక్షన్" పాటలో దానిని వాడేవరకు కొనేవారు అరుదు. ఆయన కూడా తరువాత బాకాలు వాయించవలసిన చోటును గుర్తు పెట్టుకొనడానికే దానిని తొక్కారట! ఇంగ్లండులో డేవ్ డేవిస్ అయితే 1964లో తన చిన్న ఆంప్లిఫయర్ స్పీకరును బ్లేడుతో కోసివేశాడు. మా కమిటీ పెద్దలు ఆనాడు అక్కడ లేకపోవడం సంగీతానికి మేలే అయినది.

ఇంతకూ ఆ పెట్టెలో జరిగేది ఏమి? తీగ కంపనం నుండి పుట్టిన విద్యుత్తు అలవలె లేచి పడుతుంది. మోయగలిగినదానికి మించి పెంచినప్పుడు ఆ అల శిఖరం తెగిపోతుంది. దీనిని క్లిప్పింగ్ అంటారు. అట్లు తెగిన అలలో మూలస్వరంతో పాటు దానికి మూడింతలు, ఐదింతలు వేగంతో కంపించే ఉపస్వరాలు చేరుతాయి. పైఅంచు, కిందిఅంచు సమంగా తెగకపోతే రెండింతలు, నాలుగింతలు కూడా చేరుతాయి. ధ్వని మందమై, త్వరగా ఆరిపోక నిలుస్తుంది.

ఇది మన చెవికి బొత్తిగా కొత్త అనుకోరాదు. తంబురా మెట్టు మీద తీగ కింద నూలుపోగు సవరిస్తారు గదా! తీగ మెట్టును తాకీ తాకక ఒరయడం వల్ల ఉపస్వరాలు మేల్కొంటాయి. ఉర్దూ శాఖ మిత్రులకు జవారి అన్న మాట తెలిసినదే. యంత్రాంగం వేరు, చెవికి కలిగే తృప్తి దగ్గరిది. అంతకన్న విశేషమొకటి ఉన్నది. తంబురాను సాధారణంగా షడ్జ పంచమాలకు శ్రుతి చేస్తాము. గరుకు గిటారు వాయించేవారు కూడా గాంధారాన్ని విడిచి షడ్జ పంచమాలనే మీటి, దానిని పవర్ కార్డ్ అంటారు. ఆ రెండు స్వరాల నిష్పత్తి 2కు 3. క్లిప్పింగ్‌లో వాటి భేదమైన 1 కూడా పుట్టి, కింది స్థాయి షడ్జంగా వినిపిస్తుంది. గాంధారం చేరిస్తే మాత్రం, గిటారు మెట్ల మీది గాంధారం శుద్ధ గాంధారానికి కొంత ఎక్కువగా ఉండడం వలన, స్వరాలు కలియబడి బురద అవుతుంది. గత సంవత్సరం మోతకు సగం కారణం ఇదేనని మా నమ్మకం.

ఇక ఎంపిక. అంగడిలో ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్ అని మూడు పేర్లు వినిపిస్తాయి. వీటి మధ్య హద్దులు వ్యాపారులు గీసినంత గట్టివి కావు. 1970ల చివర జపానులో పుట్టిన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ మొదటి జాతికి పేరుమోసినది. అది అలను మెత్తగా తెంపి, మంద్ర ధ్వనులను తగ్గించి, నడిమి ధ్వనులను ముందుకు తెస్తుంది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరుకుగా పలుకుతుంది. 1978లో అమెరికాలోని కలమజూలో వచ్చిన ర్యాట్ వంటివి అలను నిటారుగా నరుకుతాయి. ఫజ్ అయితే అలను దాదాపు గోడలాగా నిలబెడుతుంది.

మా గిటారు వాయించేది బి.కాం. చివరి సంవత్సరం విద్యార్థి. అతనికి ఇదే ఆఖరి వార్షికోత్సవం. అతడు కోరినది డిస్టార్షన్. రెండు పెడళ్లు అరువు తెచ్చి సభాభవనంలో పరీక్షించాము. ఒంటరిగా వాయించినప్పుడు డిస్టార్షన్ గోడలను అదరగొట్టినది. హార్మోనియం, డ్రమ్ములు, గాయని చేరగానే గిటారు ఏమైనదో తెలియలేదు. అతడు నడిమి ధ్వనులను తగ్గించి, అడుగు ధ్వనులను, పై ధ్వనులను పెంచి పెట్టుకొన్నాడు. గిటారు వినపడేదేమో ఆ నడుమనే. లెవెల్ పెంచితే మా ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరే పగిలి అరచినది. వాల్వు ఆంప్లిఫయర్లను పెడల్‌తో ముందుకు నెట్టి మధురమైన గరుకుదనం రాబట్టే పద్ధతి ఇక్కడ చెల్లదు.

ఓవర్‌డ్రైవ్ పెట్టి, గెయిన్ పావు వంతు తిప్పి, పాట నడిచినంతసేపు దానిని ఆపి, చరణాల నడుమ మాత్రం తొక్కమన్నాము. ప్రతి మాటా వినపడినది. అతని ముఖం మాత్రం విప్పారలేదు. "సార్, ఇందులో కోపం లేదు" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేకపోయినది. గిటారు జూనియర్ చేతికిచ్చి, అతనిని చివరి వరుసలో కూర్చోబెట్టాము. ఒక పాట పూర్తిగా విన్నాడు. లేచి వచ్చి, మేము పెట్టినదానికన్న గెయిన్ కొంచెం పెంచి, లెవెల్ కొంచెం దించాడు. పవర్ కార్డులే వాయించాడు. మేము అభ్యంతరం చెప్పలేదు. అతడు పెట్టినదే మేలుగా ఉన్నది.

ఓవర్‌డ్రైవ్ పెడల్ ఒక్కటే కొనవలెనని మా అభిప్రాయం రాసి కమిటీకి సమర్పించాము. మంజూరైతే వాడబోయే విద్యార్థులకు ఒక్క మాట. గిటారు వైరు పెడల్‌కు గుచ్చి ఉన్నంతసేపు, అది ఆపి ఉన్నప్పటికీ, లోపలి 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. పని కాగానే వైరు తీసి, పెడల్‌ను సాంస్కృతిక సంఘం బీరువాలో పెట్టాలి. తాళంచెవి మా వద్దనే ఉంటుంది.