నప్పిందా, నప్పలేదా - ఒక ప్రామ్ గౌను కథ

పదిహేడేళ్ళ కూతురికి గౌను కొనడంలో ఏముందిలే, షాపుకెళ్ళి, నచ్చింది తీసుకుని, కార్డు గీకి వచ్చేయడమేగా అనుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి. 'ఏముందిలే' అనుకున్న పనే కొంప ముంచుతుందని ఈపాటికి తెలిసుండాల్సింది. తెలీలేదు.

మేముండేది న్యూజెర్సీలో. అమ్మాయిది హైస్కూల్లో ఆఖరి సంవత్సరం. ఇక్కడ చదువు చివర్లో, ఏప్రిల్ నుంచి జూన్ లోపు, ప్రామ్ అని ఒక డాన్సు పార్టీ ఉంటుంది. పూర్తి పేరు ప్రామినాడ్. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా ఈశాన్య రాష్ట్రాల కాలేజీల్లో మొదలై, తర్వాత హైస్కూళ్ళకి పాకింది. మొగపిల్లలకి పెద్ద గొడవేం లేదు, ఒక టక్సీడో అద్దెకి తెచ్చుకుంటే అయిపోయింది. ఆడపిల్లలకి మాత్రం మనవైపు పెళ్ళిపట్టుచీర ఎంచినంత తతంగం.

మామూలుగా అయితే ఇది మా ఆవిడ డిపార్టుమెంటు. కానీ మార్చిలో అత్తయ్యగారికి మోకాలు ఆపరేషనని తను విజయవాడ వెళ్ళాల్సొచ్చింది. వెళ్తూ వెళ్తూ నాకు మూడు సూచనలు ఇచ్చింది. ఒకటి, 250 డాలర్లు దాటొద్దు. రెండు, ఆల్టరేషన్‌కి కనీసం ఆరు వారాలు ఉంచుకోండి. మూడు, "మీరు మాత్రం నోరు మూసుకుని కూర్చోండి". మొదటి రెండూ పాటించాను.

మనకి రిక్వైర్‌మెంట్స్ తెలీకుండా పని మొదలుపెట్టే అలవాటు లేదు కదా. శుక్రవారం రాత్రి కూర్చుని ఎక్సెల్ షీటు తయారుచేశాను. నవ్వకండి. ఎ-లైన్: పైన ఒంటికి అతుక్కుని, నడుం దగ్గర్నుంచి కిందకి ఇంగ్లీషు 'ఎ' అక్షరంలా విచ్చుకునేది, 1955లో క్రిస్టియన్ డియోర్ పెట్టిన పేరు. ఎంపైర్: నడుము గీత ఛాతీ కిందకే వచ్చేసేది, నెపోలియన్ కాలం నాటి ఫ్యాషను. మెర్మెయిడ్: మోకాళ్ళ దాకా బిగుతుగా ఉండి, అక్కడ చేపతోకలా విచ్చుకునేది. బాల్ గౌన్: సిండ్రెల్లా వేసుకునేది. బయాస్ కట్: గుడ్డని ఐమూలగా కత్తిరించడం, దానివల్ల గుడ్డ సాగి ఒంటిమీద జారినట్టు పడుతుంది. 1920లలో పారిస్‌లో మాడెలీన్ వియొనే అనే ఆవిడ దీనికి పేరు తెచ్చింది. మన జాకెట్లు కుట్టేవాళ్ళు 'క్రాస్ కట్' అనేది ఈ ఐమూల కోతనే.

ఇంతవరకూ బానే ఉంది. ఆ తర్వాతి కాలమ్ దగ్గర ఇబ్బంది మొదలైంది. ఏ ఒంటికి ఏ గౌను 'ఫ్లాటరింగ్'గా ఉంటుంది అని చెప్పే సలహాలు చదువుతుంటే ఒక్కటి కూడా సూటిగా లేదు. పొట్టని దాచేది, తుంటిని మరిపించేది, భుజాల్ని తగ్గించి చూపించేది, చేతుల్ని కప్పేది. అచ్చం బగ్ లిస్టులా ఉంది. అన్నట్టు ఈ మాట కూడా చిత్రమైందే. ఇంగ్లీషులో నప్పే బట్టకీ, మొహమ్మీద చేసే ముఖస్తుతికీ ఒకే మాట. మన 'నప్పడం' నయం, అందులో అబద్ధం లేదు అనుకున్నాను ఆ రాత్రి. నా మాతృభాషాభిమానం మర్నాటి మధ్యాహ్నం దాకా నిలిచింది.

శనివారం ఒక పెద్ద షాపుకి వెళ్ళాం. ట్రయల్ రూముల బయట నాలాంటి నాన్నలు ముగ్గురు ఫోన్లు చూసుకుంటూ, పరీక్ష హాలు బయట తల్లిదండ్రుల్లా కూర్చున్నారు. అమ్మాయి ఆరు గౌన్లు పట్టుకుని లోపలికెళ్ళింది. ఆరూ నలుపే. సరే, ఈ కాలం పిల్లలు అనుకున్నాను.

పది నిమిషాల తర్వాత తలుపు కొంచెం తెరిచి, "నాన్నా, పద్నాలుగు సైజు అడుగు" అంది. గొంతు అదోలా ఉంది. తన జీన్సు సైజు పది. ఆరు నెలలకో జీన్సు కొంటాను కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. పద్నాలుగు తెచ్చిచ్చాను. దాని జిప్పు కూడా కష్టంగానే పడింది. "ఐ యామ్ హ్యూజ్" అని లోపల్నించి వినపడింది.

ఇక్కడ నాలో ఇంజనీరు నిద్రలేచాడు. తలుపుకి ఇవతల నిలబడి లెక్చరు మొదలుపెట్టాను. అమ్మలూ, ఆ అంకెకి అర్థం లేదు. 1939-40 ప్రాంతంలో ఇక్కడి ప్రభుత్వం దాదాపు 15 వేలమంది ఆడవాళ్ళ కొలతలు తీయించింది. చివరికి తెల్లవాళ్ళ కొలతల్నే లెక్కలోకి తీసుకుంది. వాటి ఆధారంగా 1958లో ఒక సైజుల స్టాండర్డు పెట్టారు. కంపెనీలు దాన్ని పట్టించుకోవడం మానేశాయి, 1983లో దాన్నే ఎత్తేశారు. అప్పట్నించీ ఎవడిష్టం వాడిది. కొనేవాళ్ళు సంతోషిస్తారని జీన్సులవాళ్ళు అదే కొలతకి చిన్న అంకె వేస్తారు. ఇలాంటి గౌన్లు కుట్టేవాళ్ళు చాలామంది ఇంకా పాత లెక్కలకి దగ్గర్లో ఉంటారు, పైగా ఈ గుడ్డ సాగదు. అందుకే ఒకటి రెండు సైజులు పెద్దది కొనుక్కోవాల్సొస్తుంది. డాక్యుమెంటేషన్ లేని వెర్షన్ నంబరు లాంటిదది!

బయట కూర్చున్న నాన్నల్లో ఒకాయన, నేను మాట్లాడింది తెలుగైనా, తల ఊపాడు. లోపల్నించి మాత్రం ఏ శబ్దమూ లేదు. లెక్చరంతా నిజమే, కానీ ఏడుస్తున్న మనిషికి నిజం చెప్తే ఏడుపు ఆగుతుందని ఎవరన్నారు?

మాట మార్చాలని, పక్క స్టాండు మీదున్న ఒక గౌను తీశాను. మావిడిపండు రంగు. ఎ-లైన్. నా ఎక్సెల్ షీటు ప్రకారం అన్నీ సరిపోయాయి. "ఇది వేసి చూడు, భలే ఉంటుంది" అన్నాను.

తను తలుపు తెరిచి, గౌనుని చూసి, నా మొహంలోకి చూసింది. "ఈ రంగు నాకు నప్పదన్నావుగా" అంది.

"ఎప్పుడన్నాను?"

"సిక్స్త్ గ్రేడ్‌కి ముందు. హైదరాబాద్‌లో. స్వాతి అత్త పెళ్ళికి."

గుర్తురాలేదు. అబద్ధమెందుకు, నిజంగానే గుర్తురాలేదు. కారులో ఇంటికొస్తుంటే తనే చెప్పింది. 2019 వేసవి, మా బాబాయి కూతురి పెళ్ళికి బట్టల షాపులో తను ఒక పసుపుపచ్చ పట్టులంగా గుండెలకి హత్తుకుని అద్దం ముందు నిలబడిందిట. నేను వెనకనుంచి, "వద్దులేమ్మా, ఆ రంగు నీకు నప్పదు, ఇంకా నల్లగా కనిపిస్తావు" అన్నానుట. ఆ 'ఇంకా' కూడా గుర్తుంది తనకి. నేను ఆ మాట అనేసి, బిల్లు కట్టేసి, బయట మిరపకాయ బజ్జీ తిని మర్చిపోయాను. తను ఆరేళ్ళుగా నలుపూ, ముదురు నీలం తప్ప వేసుకోలేదు. నేనేమో మా అమ్మాయిది సింపుల్ టేస్టు అని అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నాను.

తనది నా రంగే. చిన్నప్పుడు నన్ను మా వీధిలో ఏమని పిలిచేవాళ్ళో, దానికి ఎంత ఏడ్చేవాణ్ణో నాకు బాగా గుర్తుంది. నేను తిన్న దెబ్బ అలా గుర్తుండి, కొట్టిన దెబ్బ మాత్రం ఇలా చెరిగిపోయింది. 2020లో ఆ ఫెయిర్‌నెస్ క్రీము కంపెనీ కూడా పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట తీసేసింది. మన నోళ్ళలోంచి మాత్రం అది అంత తేలిగ్గా పోదు.

ఆ రాత్రి మా ఆవిడకి ఫోన్ చేసి చెప్తే, "నోరు మూసుకుని కూర్చోండని ఊరికే అన్నానా?" అంది. అని ఊరుకోలేదు. "మీ అమ్మ అలా ఎప్పుడైనా అనేదా?" అని అడిగి పెట్టేసింది.

మా అమ్మ తెనాలిలో జాకెట్లు కుట్టేది. వసారాలో ఉషా మిషను, పక్కన గుడ్డముక్కల సంచీ, వాటి మధ్య నేను హోంవర్క్ చేసుకుంటూ. ఎవరైనా పాత జాకెట్టు పట్టుకొచ్చి పట్టట్లేదంటే, "లావయ్యావే" అని అమ్మ ఒక్కరోజు కూడా అనలేదు. "జాకెట్టు బిగిసింది, వదులు చేస్తాలే" అనేది. అలా వదులు చేయడానికని కుట్టేటప్పుడే లోపల రెండు వైపులా గుడ్డ వదిలి కుట్టేది. తప్పెప్పుడూ గుడ్డదే, మనిషిది కాదు. కొత్త జాకెట్టు వేసి చూసుకోమన్నప్పుడు, "బాగుందా" అని అడిగేది కాదు. "చేతులు పైకెత్తమ్మా. ఇప్పుడు వంగు. ఇప్పుడు కూర్చో" అనేది. చంక దగ్గర పట్టేస్తే విప్పించి మళ్ళీ కుట్టేది. ఇన్నేళ్ళు యూజర్ టెస్టింగ్ గురించి మీటింగుల్లో ఉపన్యాసాలిచ్చానే, అదంతా ఆ వసారాలోనే నేర్చుకున్నానని ఆ రాత్రి దాకా తట్టలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మాయికి సారీ చెప్పాను. "నాకు గుర్తులేదు, కానీ అన్నానంటే అన్నట్టే. తప్పు. రంగుది కాదు, నాది" అన్నాను. తను "ఓకే" అంది. ఇక్కడ కౌగిలింతలూ కన్నీళ్ళూ ఉంటాయని ఎదురుచూశారేమో, లేవు. సీరియల్ తింటూ "ఓకే" అంది, అంతే. ఆరేళ్ళ నాటి మాట ఒక్క సారీతో పోతుందనుకోవడం కూడా అత్యాశే.

తర్వాతి శనివారం ఇంకో చిన్న షాపుకెళ్ళాం. ఎక్సెల్ షీటు ఇంట్లో వదిలేశాను. దారిలో నాయనమ్మ పరీక్ష గురించి చెప్తే తనకి నచ్చింది, దానికి ఇంకో రెండు కలిపింది: గెంతగలగాలి, కడుపునిండా తిన్నాక కూడా ఊపిరాడాలి. బయట కూర్చుని నేను చేసిందల్లా, "చేతులెత్తు, కూర్చో, గెంతు" అనడమే. మెర్మెయిడ్ గౌను కూర్చోవడం దగ్గరే ఫెయిలయింది. పట్టీల్లేనిది రెండో గెంతుకి కిందకి జారింది. అక్కడే ఆ మావిడిపండు రంగులో ఒకటి కనిపిస్తే, తనే తీసి, నా వంక చూడకుండా లోపలికి పట్టుకెళ్ళింది.

వేసుకుని బయటికొచ్చింది. ఏం చెప్పను... దీపం పెట్టినట్టుంది. నేను నోరు తెరిచి, మా ఆవిడ గుర్తొచ్చి, మూసేశాను. తను అద్దంలో చాలాసేపు చూసుకుంది. అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది.

"బానే ఉంది నాకు" అంది చివరికి. "చాలా బాగుంది. కానీ నాకు ఆ ముదురాకుపచ్చది ఇష్టం."

అదే తీసుకున్నాం. వెడల్పు పట్టీలు, క్రాస్ కట్, రెండు జేబులు కూడా ఉన్నాయి. 180 డాలర్లు. ఛాతీకి సరిపోయే సైజు తీసుకుని, నడుము దగ్గర లోపలికి పట్టించాం. ఎందుకంటే పెద్దదాన్ని చిన్నది చేయడం తేలిక, చిన్నదాన్ని పెద్దది చేయాలంటే లోపల గుడ్డ ఉండాలి. రెడీమేడ్‌లో అది చాలాసార్లు ఉండదు. ఆల్టరేషన్ చేసే పెద్దావిడ అంచు కొలిచేటప్పుడు, ఆ రోజు వేసుకునే చెప్పులే వేసుకుని రమ్మంది. ఇది మాత్రం రాసిపెట్టుకోండి. చెప్పు ఎత్తు మారితే అంచు నేల మీద ఈడుస్తుంది, లేదా చీలమండ పైకి వచ్చేస్తుంది.

ఇంతకీ నే చెప్పొచ్చేదేంటంటే, 'నప్పడం' అన్న మాటలో అబద్ధం లేదని మురిసిపోయాను కదా, నిజమే, లేదు. కానీ 'నప్పదు' అన్న మాటలో చాలాసార్లు సలహా కూడా ఉండదు, తీర్పే ఉంటుంది. గుడ్డని మనిషికి తగ్గట్టు మార్చే వీలున్నా, మనిషినే వెనక్కి జరగమని చెప్పే మాట అది. పెళ్ళి షాపుల్లో, పండగ షాపుల్లో మన పిల్లలకి మనం రోజూ చెప్తూనే ఉంటాం, వాళ్ళ మంచికేనని. వాళ్ళు మర్చిపోతారనుకుంటాం. మర్చిపోయేది మనమే.

ప్రామ్ రోజు సాయంత్రం ఇంటిముందు ఫోటోలు తీశాను. విజయవాడలో తెల్లవారుజాము, మా ఆవిడా, అత్తయ్యగారూ వీడియోలో చూస్తున్నారు. అత్తయ్యగారు, "పచ్చరంగులో పిల్ల కాస్త..." అని మొదలుపెట్టబోయారు, మా ఆవిడ "అమ్మా!" అంది. అక్కడితో ఆగిపోయింది.

స్నేహితురాళ్ళ కారు వచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగి, నాకు కనపడేలా రెండు చేతులూ పైకెత్తింది మా అమ్మాయి. ఎక్కడా పట్టేయలేదు.