చిట్టాలో ఉండిపోయిన పద్దులు

2022లో ఉగాది శనివారం నాడు వచ్చింది. ఆ తరువాత బుధవారం, అంటే ఏప్రిల్ 6వ తేదీ సాయంత్రం ఆరున్నరకు మా ఫ్యాక్టరీలో లెక్కల కంప్యూటరు ఉన్నట్టుండి నిలిచిపోయింది. మరునాడు 7వ తేదీ. వెయ్యిమందికి లోపు పనివాళ్లున్న చోట నెల ముగిశాక ఏడో రోజు దాటకుండా జీతాలివ్వాలని అప్పట్లో 1936 నాటి చట్టం ఉండేది. చట్టం మాట అటుంచండి. మా దగ్గర పనిచేసే మూడు వందల నలభై మందిలో ఇంటి బాడుగకూ చీటీ డబ్బుకూ ఆ 7వ తేదీనే వాయిదా పెట్టుకున్నవాళ్లు ఎందరో!

నేను హోసూరులో ఒక చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్ల బాధ్యత చూస్తాను. మాది ఈ ఊరే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, అత్తిబెలె దాటితే కన్నడం. నాకు సాయంగా డెంకణికోట వైపు నుంచి వచ్చిన మన తెలుగు కుర్రవాడే ఒకడున్నాడు. నన్ను ‘అన్నా’ అంటాడు. ఆ సాయంత్రం నేను వాడిని అన్న మాటలు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

కుటుంబ పత్రికలో ఈ సర్వర్ల గోల ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఈ రోజుల్లో ఒక్కో పనికి ఒక్కో సర్వరు కొనరు. మాకున్నవి రెండే పెద్ద సర్వర్లు. వాటి లోపల పదకొండు ‘వర్చువల్ మెషిన్లు’ నడుస్తాయి. ఒక పెద్ద లోగిలిలో పదకొండు కాపురాలున్నట్టు. దేని వంట దానిదే అయినా గాదె మాత్రం అందరికీ ఒక్కటే. ఆ ఉమ్మడి గాదెను డేటాస్టోర్ అంటారు. మాది నాలుగు టెరాబైట్లది. ఆ సాయంత్రం అందులో గింజ పట్టే చోటు లేదు.

కుర్రవాడు నాకన్నా ముందే చూశాడు. లెక్కల మెషిన్‌లో డిస్కు నిండుతోందేమోనని పాత లాగ్ ఫైళ్లు చెరిపాడు. ఫలితం లేదు. చిత్రమేమంటే, ఆ మెషిన్ లోపల మధ్యాహ్నం చూసినప్పుడు కూడా ఆరు వందల గిగాబైట్లలో రెండు వందలు ఖాళీగానే కనిపించాయి. లోపల ఖాళీ, బయట నిండు. ఇదెట్లా?

నాకు వెంటనే తోచిందల్లా వీడే ఏదో చేసుంటాడని. “ఏం తెచ్చి పోశావురా అందులో?” అని నలుగురిలో అరిచాను. “నేనేమీ పెట్టలేదన్నా” అన్నాడు. నమ్మలేదు. జీతాల పట్టీ చూసే అమ్మగారు తలుపు దగ్గర నిలబడి వింటున్నారు.

డేటాస్టోర్‌లోని ఫైళ్లను సైజు వరసలో పెట్టి చూశాను. లెక్కల మెషిన్ ఫోల్డరులో అసలు డిస్కు ఫైలు పక్కన, పేరు చివర ‘000001’ అని ఉన్న మరో ఫైలు. అయిదు వందల నలభై గిగాబైట్లు. ఒంట్లోంచి వేడి దిగిపోయినట్టయింది. అది స్నాప్‌షాట్ ఫైలు. ఎవరు తీశారా అని చూస్తే తేదీ 2021 సెప్టెంబరు 10, వినాయక చవితి. సెలవు రోజు ఎవరూ పనిలో ఉండరని, డేటాబేస్‌కు కొత్త ప్యాచ్ వేయడానికి నేనొక్కడినే వచ్చిన రోజు. స్నాప్‌షాట్‌కు నేనే పేరు కూడా పెట్టాను: ‘ప్యాచ్‌కు ముందు. రెండు రోజుల్లో తీసేయాలి.’ రెండు రోజులు కాదు, 208 రోజులైంది.

స్నాప్‌షాట్ అనే పేరే మోసం. ఫోటో తీసి పక్కన దాచినట్టు వినిపిస్తుంది. నేనూ మొదట్లో అట్లాగే అనుకున్నాను. అది నకలు కానే కాదు. ఆ క్షణం నుంచి అసలు డిస్కును ముట్టకుండా మూసేసి, ఇక జరిగే మార్పులన్నీ వేరే ఫైలులో రాస్తూ పోతారు. ప్యాచ్ చెడితే ఆ వేరే ఫైలును పారేసి పాత స్థితికి వెళ్లిపోవచ్చు. అంతవరకూ మంచిదే. కానీ తీయడం మరిచిపోతే ఆ ఫైలు పెరుగుతూనే ఉంటుంది, అసలు డిస్కంత అయ్యేదాకా. మా డేటాబేస్‌లో ప్రతి ఆదివారం సూచికలను తిరగరాసే పని ఒకటుంది. తిరగరాసిన చోటల్లా కొత్తగా చోటు తింటుంది. రాసి చెరిపినదీ తింటుంది. కుర్రవాడు ఫైళ్లు చెరిపినా గాదెలో గింజ ఖాళీ కాకపోవడానికి కారణం అదే.

ఇది తెలిసినప్పుడు నాకు గుర్తొచ్చింది మా నాయన. ఆయన ఇక్కడి చింతపండు మండీలో గుమాస్తా. పగలంతా జరిగిన బేరాలు వరసగా చిట్టాలో రాసుకునేవారు. రాత్రి మండీ మూశాక ఒక్కో పద్దునూ ఆవర్జాలో ఆయా మనిషి పేరున్న పుటకు ఎక్కించేవారు. చింతపండు కాలంలో, అంటే శివరాత్రి నుంచి ఉగాది దాకా, ఆ తీరిక దొరికేది కాదు. చిట్టాలు పేరుకుపోయేవి. ఎవరైనా వచ్చి “నా బాకీ ఎంత?” అంటే ముందు చిట్టాలన్నీ తిరగేసి, అందులో లేనిదానికి ఆవర్జా తీయాలి. స్నాప్‌షాట్ ఉన్న మెషిన్ కూడా అచ్చంగా ఇంతే. ముందు కొత్త ఫైలు, అందులో లేకపోతే పాతది. మూడు నెలలుగా లెక్కల ప్రోగ్రాం నత్తనడక నడుస్తోందని ఆ అమ్మగారు చెబుతూనే ఉన్నారు. నేను నెట్‌వర్కు మీదకు నెట్టేశాను.

“అన్నా, ఆ పెద్ద ఫైలు తీసేస్తే అయిపోదా?” అన్నాడు కుర్రవాడు, భయపడుతూనే. వాడి తప్పేమీ లేదు, చూసినవాడెవడైనా అదే అడుగుతాడు. ఆ ఫైలును చేత్తో చెరిపితే ఏడు నెలల లెక్కలు పోతాయి. ఆవర్జాకు ఎక్కని చిట్టాను పొయ్యిలో పెట్టడమే. స్నాప్‌షాట్ మేనేజర్‌లో ‘డిలీట్’ అన్న మాటకు మాత్రం అర్థం వేరు. అక్కడ డిలీట్ అంటే ఆ మార్పులన్నిటినీ అసలు డిస్కులో కలిపి, ఆ తరువాత ఫైలును తీసేయడం. ఒకే మాట, రెండు చోట్ల రెండు అర్థాలు! ఈ పేర్లు పెట్టిన మహానుభావుణ్ణి ఒకసారి చూడాలని ఉంది.

తెర మీద మెషిన్ ఒక ప్రశ్న వేసి ఆగి ఉంది. చోటు లేదు, చోటు చేసి ‘రీట్రై’ నొక్కుతావా, లేక ‘క్యాన్సిల్’ చేస్తావా అని. క్యాన్సిల్ నొక్కితే మెషిన్ ఉన్నపళాన ఆగిపోతుంది, సగంలో ఉన్న పని గతి దేవుడికెరుక. కాబట్టి ముందు నాలుగు గింజలు పట్టే చోటు కావాలి. పరీక్షల కోసం ఉంచిన ఒక మెషిన్‌కు 32 గిగాబైట్ల మెమరీ ఇచ్చి ఉన్నాం. నడుస్తున్న ప్రతి మెషిన్‌కూ దాని మెమరీ అంత స్వాప్ ఫైలు డేటాస్టోర్‌లో ఉంటుంది, మెషిన్‌ను ఆపితే అది పోతుంది. దాన్ని ఆపాం. 32 వచ్చింది. పాత ఇన్‌స్టలేషన్ ఫైళ్లు తీసేస్తే మరో 21. రీట్రై నొక్కాను. నిలిచిపోయిన మెషిన్ నిద్రలేచినట్టు కదిలింది.

ఇక్కడే కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. వెంటనే కలపడం మొదలుపెడితే అది ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేం. జీతాలు అంతదాకా ఆగవు. దొరికిన 53 గిగాబైట్లలో ముందు ఆ పని కానిచ్చాం. తొమ్మిదింబావుకు అమ్మగారు జీతాల ఫైలు బ్యాంకుకు పంపి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, నా వైపు చూడకుండా కుర్రవాడితో “వెళ్లొస్తా నాయనా” అని వెళ్లారు.

తరువాత డేటాబేస్‌ను బయట ఉన్న వేరే పెట్టెలోకి బ్యాకప్ తీశాం. మామూలుగా వాడే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ జోలికి పోలేదు, అది కూడా ముందుగా స్నాప్‌షాటే తీస్తుంది గనుక! పదిన్నరకు లెక్కల మెషిన్‌ను ఆపి, స్నాప్‌షాట్ డిలీట్ నొక్కాను. మెషిన్ ఆగి ఉంటే కొత్త రాతలుండవు, కలపడం త్వరగా అవుతుంది.

త్వరగా అంటే మాటవరసకే. పన్నెండున్నరకల్లా 99 శాతం అని చూపించింది. అక్కడే మేకు కొట్టినట్టు ఆగింది. ఒంటిగంట, రెండు, మూడు. ఇలా జరుగుతుందని చదివి ఉన్నాను, మధ్యలో ఆపకూడదనీ తెలుసు. తెలిసినా చెయ్యి మౌస్ మీదకు పోతూనే ఉంది. కుర్రవాడు ఇంటికి వెళ్లలేదు. నేను వెళ్లమనలేదు కూడా. రెండింటికి బస్టాండు దగ్గర నుంచి టీ తెచ్చాడు. అప్పుడు చెప్పాను, “ఆ స్నాప్‌షాట్ తీసింది నేనేరా” అని. “పేరు చూశానన్నా, సాయంత్రమే” అన్నాడు. అంతే. చూసి కూడా నలుగురిలో నోరు మెదపలేదు.

నాలుగూ నలభైకి పని ముగిసింది. ‘000001’ ఫైలు మాయమైంది. మెషిన్‌ను లేపి, డేటాబేస్ సరిచూసుకుని ఇంటికి చేరేసరికి ఆరు. నాయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు. రాత్రంతా ఎక్కడున్నావని అడిగితే, చిట్టా ఆవర్జాల భాషలో మొత్తం చెప్పాను.

“ఎన్ని దినాలు ఎక్కించకుండా పెట్టినావు?”

“208.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. “నేను ఎంత ఎత్తిపెట్టినా మూడు నెలలేరా,” అన్నారు. “ఆ పిల్లోడు తిన్నాడా?”

ఆ రోజు పదింటికి, ముందురోజు నేను అరిచిన చోటే, అదే నలుగురి ముందు, తప్పు నాదని చెప్పాను. అమ్మగారు తలెత్తి చూశారు. కుర్రవాడు గోడ మీద క్యాలెండరులో శుక్రవారాలకు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుడుతున్నాడు. ప్రతి శుక్రవారం పదకొండు మెషిన్లలోనూ స్నాప్‌షాట్లు చూడాలి, మూడు రోజులు దాటినది ఉంటే ఎవరిదో అడగాలి. మొదటి సున్నా పక్కన నా పేరు రాశాడు.