పొగమంచు తాగే పురుగుల ఎడారి

పిల్లలూ! అట్లాసులో ఆఫ్రికా పటం తీయండి. పడమటి ఒడ్డు మీద వేలు పెట్టి దక్షిణంగా జరుపుతూ పోతే అంగోలా దాటిన తరువాత నమీబియా దేశం వస్తుంది. 1990 మార్చి 21న స్వతంత్రమైన దేశమది. దాని సముద్రతీరం పొడవునా పరుచుకుని ఉన్నదే నమీబు ఎడారి. ప్రపంచంలోని అతి పురాతనమైన ఎడారులలో అదొకటని అంటారు. ఈ నెల మనం పోవలసిన చోటు అందులోనే ఉన్నది. దాని పేరు గోబబెబ్. మీ పటంలో ఆ పేరు లేకపోతే వాల్విస్ బే అనే రేవుపట్నాన్ని వెతకండి. అక్కడినుంచి ఆగ్నేయంగా సుమారు 120 కిలోమీటర్లు పోతే గోబబెబ్ చేరుతాం.

ఆఫ్రికా అనగానే ఏనుగులూ సింహాలూ అనుకుంటున్నారు కాబోలు! మనం చూడబోయేవి అవి కావు. బొటనవేలి గోరంత ఉండే నల్లని పెంకుపురుగులు. నవ్వకండి. ఈ పురుగుల కోసం ఎందరో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు సముద్రాలు దాటి వచ్చారు.

రేవుపట్నం విడిచిన తరువాత దారి పొడవునా గులకరాళ్ల మైదానమే. చెట్టు లేదు, చేమ లేదు. గంటల తరబడి పోయాక ఎదురుగా ఒక ఆకుపచ్చని గీత కనబడుతుంది. అది క్వీసెబ్ నది. నది అన్నానే గాని అందులో నీళ్లుండేది ఏడాదిలో కొద్ది రోజులే. మిగతా కాలమంతా ఇసుకే. కాని ఇసుక అడుగున తేమ ఉంటుంది కనుక ఒడ్డున తుమ్మజాతి చెట్లు పెరిగాయి. నదికి ఇవతల గులకరాళ్లు, అవతల కొండలంత ఎత్తున ఎర్రని ఇసుకతిన్నెలు. గాలికి ఆ తిన్నెలు ఉత్తరంగా జరిగి రాకుండా అప్పుడప్పుడు వచ్చే వరదే ఇసుకను ఊడ్చివేస్తుంది. మూడు రకాల నేల ఒకచోట కలిసిన ఆ నది ఒడ్డుననే గోబబెబ్ పరిశోధనాకేంద్రం ఉన్నది. ఆ ప్రాంతపు వారి భాషలో గోబబెబ్ అంటే మేడిచెట్టు ఉన్న చోటు అని అర్థం.

ఇక్కడ ఏడాదికి పడే వర్షం సగటున ఇంచుమించు 25 మిల్లీమీటర్లు. మన అనంతపురాన్ని కరువుసీమ అంటాం గదా, అక్కడ 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడుతుంది! మధ్యాహ్నం వేళ ఈ ఎడారి ఇసుక మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. మరి ఇక్కడి జీవులు దాహం ఎట్లా తీర్చుకుంటాయి?

జవాబు సముద్రంలో ఉన్నది. తీరం వెంబడి బెంగ్వేలా అనే చల్లని ప్రవాహం దక్షిణాన్నుంచి ఉత్తరానికి పోతూ ఉంటుంది. దాని మీది గాలి చల్లబడి, గాలిలోని ఆవిరి సన్నని తుంపరలుగా మారి పొగమంచు అవుతుంది. రాత్రివేళ గాలి ఈ మంచును ఎడారిలోకి పదుల కిలోమీటర్ల దూరం తోసుకువస్తుంది. ఎండ ఎక్కేసరికి మంచు విడిపోతుంది. ఈ మధ్యలోనే, ఆ కొద్ది గంటలలోనే, తాగినవాడు తాగినట్టు.

తెల్లవారకముందే లేచి, కంబళి కప్పుకుని, తిన్నె ఎక్కుదాం రండి. మంచు కమ్ముకుని ఉన్నది. తిన్నె శిఖరం మీద ఇసుకలోనుంచి నల్లని పురుగులు ఒక్కటొక్కటిగా పైకి వస్తాయి. మామూలుగా ఇవి పగలు తిరిగే పురుగులు; మంచు కురిసేటప్పుడు మాత్రం చలిలో కూడా నిద్ర మానుకుని వస్తాయి. ఒక్కొక్కటి గాలికి ఎదురుగా తిరిగి, తల కిందికి దించి, వెనకభాగం పైకెత్తి నిలబడుతుంది. సర్కసువాడు మొగ్గ వేయబోయి ఆగిపోయినట్టు ఉంటుంది! వీపుకు తగిలిన మంచు చుక్కలు చుక్కలుగా చేరి, బరువెక్కి, జారి నోటి దగ్గరకు వస్తుంది. పురుగు తాగుతుంది. ఒక్క ఉదయంలో తన బరువులో మూడో వంతు దాకా నీరు తాగిన పురుగులున్నాయి. ముప్పై కిలోల పిల్లవాడు ఒక్కసారిగా పది లీటర్లు తాగడంతో సమానమన్నమాట.

ఈ సంగతిని హామిల్టన్, మేరీ సీలీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1976లో ప్రపంచానికి తెలియజేశారు. అదే ఏడాది వారు ఇంకొక వింత కూడా చెప్పారు. లెపిడోకోరా అనే మరొక పురుగు తల కిందులు కాదు; అది గాలికి అడ్డంగా ఇసుకలో సన్నని చాలు తీస్తుంది. చాలు గట్టు మీద మంచు ఎక్కువగా చేరుతుంది. పురుగు ఆ గట్టు వెంబడే నడుస్తూ తడి పీల్చుకుంటుంది. మన రైతు పొలానికి గట్టు కట్టి వాననీరు నిలుపుకోడూ, అటువంటిదే ఇది.

ఇక్కడ మీరు నన్నొక ప్రశ్న అడగాలి. అడగకపోతే నేనే అడుగుతాను; ఎన్నో ఏళ్లు పాఠం చెప్పినవాడిని, అడగకుండా ఉండలేను. నమీబులో ఈ కుటుంబపు పురుగులు సుమారు 200 రకాలున్నాయి. చాలావరకు నల్లగానో గోధుమరంగుగానో ఉంటాయి. తల కిందులైంది ఏది, చాలు తీసింది ఏది అని తేల్చడం ఎట్లా?

తరగతిలో ఇద్దరు సుబ్బారావులుంటే హాజరు పిలిచేటప్పుడు ఇంటిపేరు కలిపి పిలుస్తాం. లేకపోతే ఒకడి మార్కులు ఇంకొకడికి పడతాయి. స్వీడన్ దేశంలో లినేయస్ అనే పండితుడు జంతువులకూ ఇదే పద్ధతి పెట్టాడు. ముందు ఇంటిపేరు వంటిది, అది ప్రజాతి. తరువాత సొంతపేరు, అది జాతి. జంతువుల పేర్లకు 1758లో అచ్చయిన ఆయన పుస్తకమే నేటికీ మొదటి మెట్టు. మనం చూసిన తలకిందుల పురుగు పూర్తి పేరు ఒనిమాక్రిస్ అంగ్విక్యులారిస్. ఇటువంటి పురుగులన్నిటి కుటుంబాన్ని టెనెబ్రియోనిడే అంటారు. చీకటిని కోరేవాడు అనే అర్థం గల లాటిన్ మాటనుంచి వచ్చిన పేరది. అందుచేత మనం వీటిని చీకటి పురుగులందాం. ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టినవి 30,000కు పైగా ఉన్నాయి. పేరు లేనివి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడానికి ముందు కాళ్లు చూడాలి. పురుగు పాదానికి చెరకుగడకు వలె కణుపులుంటాయి. చీకటి పురుగుకు ముందుకాళ్ల పాదాలలో అయిదేసి, నడిమికాళ్లకు అయిదేసి, వెనకకాళ్లకు నాలుగేసి కణుపులు. తరువాత కన్ను చూడాలి. చాలావాటికి కన్ను గుండ్రంగా ఉండదు. ముందువైపు నొక్కుపడి జీడిపప్పు ఆకారంలో ఉంటుంది. ఎడారివాసులలో చాలావాటికి రెక్కల మీది పెంకులు రెండూ అతుక్కుపోయి పెట్టె మూత వలె ఉంటాయి. ఎగరడం పోయింది గాని, ఒంట్లోని తడి ఆరిపోకుండా ఆ మూత కాపాడుతుంది.

కుటుంబం తెలిసింది. ఇక ఏ జాతి? దానికి వేరే పని ఉన్నది.

ఇసుకలో డబ్బా ఒకటి అంచుదాకా పాతిపెడతారు. రాత్రి తిరిగే పురుగులు అందులో పడతాయి. పట్టిన పురుగును చంపి, ఆరబెట్టి, సన్నని సూది గుచ్చుతారు. ఎక్కడపడితే అక్కడ కాదు, కుడివైపు పెంకులో గుచ్చాలి. అప్పుడు ఎడమవైపు చెక్కుచెదరకుండా ఉంటుంది. దేశదేశాలలోనూ ఇదే ఆచారం. సూది కింద చిన్న చీటీ. ఏ చోట, ఏ తేదీన, ఎవరు పట్టారు అన్నది అందులో రాయాలి. చీటీ లేని పురుగు విలాసం లేని ఉత్తరం వంటిది, ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి దాదాపు పనికిరాదు.

ఆ తరువాత సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. మీసంలో కణుపులెన్ని, వీపు మీద చుక్కలు వరుసగా ఉన్నాయా చెదురుగా ఉన్నాయా, తొడ మీద నూగు ఉన్నదా? పైకి ఒక్కతీరుగా ఉన్నవాటిని కనుక్కోవడానికి పొట్ట చివర లోపలి చిన్న భాగాలను కూడా విడదీసి చూస్తారు. అక్కడ తేడా దాగదు. ఇదివరకు పేరు పెట్టిన జాతుల మూల నమూనాలు లండన్, పారిస్, బెర్లిన్, ప్రిటోరియా వంటి నగరాల మ్యూజియములలో ఉంటాయి. వాటిని తెప్పించుకునో, అక్కడికే పోయో పోల్చాలి. దేనితోనూ కలవకపోతే అప్పుడది కొత్తది. దాని బొమ్మ గీసి, వర్ణన రాసి, పేరు పెట్టి, అచ్చువేయించాలి. ఒక్క పురుగును మూల నమూనాగా ఎంచి మ్యూజియంలో పెట్టాలి; ఆ పేరుకు అదే సాక్షి. ఒకే జాతికి ఇద్దరు పేరు పెట్టి ఉంటే మొదట అచ్చయిన పేరే సాధారణంగా నిలుస్తుంది. తన పేరు తానే పెట్టుకోవడం మాత్రం మర్యాద కాదు.

ఇదంతా వారం రోజుల పని అనుకున్నారా? ఒక జీవి దొరికిన నాటినుంచి పేరు పెట్టే నాటిదాకా ఎంత కాలం పడుతున్నదో 2012లో కొందరు లెక్క కట్టారు. సగటున 21 సంవత్సరాలు! అంతకాలమూ అది సొరుగులో చీటీతో ఎదురుచూస్తూ ఉంటుంది.

గోబబెబ్ కేంద్రం పుట్టుకకే ఈ పని కారణం. చార్లెస్ కోచ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు ప్రిటోరియాలోని ట్రాన్స్‌వాల్ మ్యూజియంలో పని చేసేవాడు. చీకటి పురుగులంటే ఆయనకు ప్రాణం. నమీబు పురుగులను ఎన్నింటినో కొత్తగా వర్ణించాడు. పురుగు సొరుగులో ఉంటే చాలదనీ, అది బతికే చోటనే కూర్చుని చూడాలనీ పట్టుపట్టి, 1962లో ఈ కేంద్రాన్ని స్థాపించాడు. 1970లో ఆయన పోయిన తరువాత మేరీ సీలీయే దానిని నడిపింది. 1975లో మేరీ లూయిస్ పెన్రిత్ అనే విదుషి ఒనిమాక్రిస్ జాతులన్నిటినీ పోల్చి చూసి ఒక పరిశీలన ప్రకటించింది. కనుక మరుసటి ఏడు తలకిందుల పురుగు సంగతి వెల్లడైనప్పుడు దాని పేరు విషయంలో తికమక లేదు.

అంత దూరపు పురుగు మాకెందుకంటారా? మీ ఇంట్లోనే దాని చుట్టం ఒకటి ఉన్నది. పాత గోధుమపిండి జల్లిస్తే మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎర్రని పురుగు కనబడుతుందే, ఆ పిండిపురుగు చీకటి పురుగే. దాని పేరు ట్రైబోలియం కాస్టేనియం. 1797లో హెర్బ్‌స్ట్ అనే జర్మను పండితుడు వర్ణించాడు. అచ్చం దాని వలెనే ఉండే అన్నదమ్ముడొకడున్నాడు. దానితో పొరబడుతూ ఉంటారని ఆ రెండో దానికి తికమక అనే అర్థం వచ్చేటట్టు కన్‌ఫ్యూసం అని పేరు పెట్టారు! భూతద్దం ఉంటే మీరు తేల్చగలరు. మీసం చివరి మూడు కణుపులు ఒక్కసారిగా లావై గద వలె ఉంటే కాస్టేనియం. మొదటినుంచి చివరికి మెల్లమెల్లగా లావైతే కన్‌ఫ్యూసం. మొదటిది ఎగురుతుంది, రెండవది ఎగరదు. ఒక గోదాములోనుంచి పక్క గోదాములోకి ఎవడు ఎగిరివచ్చాడో తెలియాలంటే ఈ మీసాలు చూడవలసిందే.

మీసాలు సరిగా చూడకపోతే ఏమవుతుందో నమీబు పురుగు కథే చెబుతుంది. 2001లో ఇంగ్లండులో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక నమీబు పురుగు వీపును పరీక్షించారు. వీపు నిండా బొడిపెలు. బొడిపెల కొనలకు నీరు అంటుకుంటుంది, నడుమ పల్లాలు మైనం పూసినట్టుండి నీటిని జార్చుతాయి. ఈ పురుగు మంచు పట్టే ఉపాయం ఇదేనని వారు రాశారు. పత్రికలన్నీ ఎత్తి రాశాయి. ఆ బొడిపెలను చూసి నీరు పట్టే కొత్త పలకలు తయారుచేయడానికి ఎందరో పూనుకున్నారు. ప్రయోగశాలలో ఆ పలకలు నీరు పట్టాయి కూడా, అది నిజమే.

కాని వారు పురుగుకు స్టెనొకారా అని పేరు రాశారు. 2003లో హామిల్టన్, సీలీ, హెన్‌షెల్ ముగ్గురూ కలిసి అభ్యంతరం చెప్పారు. ఆ పురుగు స్టెనొకారా కాదు, ఫైసస్టెర్నా అనే వేరే ప్రజాతిది. పైగా తల కిందులుగా నిలబడి మంచు పట్టడం చూసినది ఒనిమాక్రిస్ పురుగులలో రెండు జాతులనే. వాటి వీపు నున్నగా ఉంటుంది, బొడిపెలే లేవు!

మాటలతో తేలే తగవు కాదిది. కనుక 2010లో థామస్ నోర్గార్డ్, మేరీ డాకే అనే ఇద్దరు తాము చేసిన పరీక్షను ప్రకటించారు. నున్నని వీపువి రెండు జాతులు, బొడిపెలవి రెండు జాతులు, నాలుగింటినీ సరిగా పేరు గుర్తించి మంచులో పెట్టారు. వీపు మీద చేరిన నీటి మొత్తంలో వాటి మధ్య తేడా కనబడలేదు. మంచు తగలగానే తల దించి నిలబడినది మాత్రం నాలుగింటిలో ఒక్కటే. అది మనం తిన్నె మీద చూసిన నున్నని ఒనిమాక్రిస్ అంగ్విక్యులారిస్.

బొడిపెల పురుగు బొమ్మ వేసి, కింద తలకిందుల పురుగు కథ రాసే పుస్తకాలు ఇంకా అచ్చవుతూనే ఉన్నాయి. మీకు అటువంటిది దొరికితే ముందు కథ చదవకండి, బొమ్మలో వీపు చూడండి.