ఖానాపూరులో పానపాత్రము

ఈ శీర్షికను జూచి మీలో గొందరు ముక్కుమీద వ్రేలు వైచికొందురని యెరుగుదును. బడిపంతులుగారి యిల్లాలికి విస్కీ గ్లాసుతో నేమి పని? నాకును మొదట నట్లే తోచినది. ఖానాపూరునుండి మా యక్క జాబు వ్రాసినది. "చెల్లీ! వచ్చునపుడు మీ బావగారికి మంచి గాజుగ్లాసొకటి తెమ్ము. ఆయన యడుగలేదు, నేనే యడుగుచున్నాను" అని అందులో నున్నది. త్రాగుడన్న మండిపడు మా యక్క యిట్లు కోరుటకు గారణము నాకు బోధపడలేదు.

కరీంనగరములో గాజుసామానుల యంగడికి బోయితిని. అంగడివాడు నన్ను జూచి యొకింత తటపటాయించి, పిమ్మట ఉత్సాహముతో బీటమీద వరుసగా బేర్చినాడు. ఒకటి పొట్టిగా వెడల్పుగా నడుగు మందముగా నున్నది. మంచుగడ్డలును సోడాయు గలిపికొనువారికట. మరొకటి తులిప్ పూవు మొగ్గవలె క్రింద నుబ్బి పైని సన్నగిల్లినది. స్కాట్లాండులో 2001వ సంవత్సరమున వెలువడిన గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఈ జాతిదే. ఉబ్బినచోట మద్యము గాలికి దగిలి పరిమళమును విడుచును. సన్నని మూతి యా పరిమళమును చెదరనీయక ముక్కునకు జేర్చును. పూలసజ్జకును పన్నీరుబుడ్డికిని గల భేదమే యిది. చెక్కడపుపని గలిగి తళతళలాడు స్ఫటికపు గ్లాసును గూడ జూపినాడు గాని, నాకది నచ్చలేదు. పూర్వపు స్ఫటికపుగాజులో నూటికి 24 పాళ్లకు దక్కువగాకుండ సీసపు భస్మము కలియును. అట్టి బుడ్డిలో మద్యమును జిరకాలము నిలువయుంచిన సీసము దానిలోనికి దిగును. కళాయి లేని యిత్తడిగిన్నెలో బులుసు పెట్టరాదని మన యవ్వలు చెప్పినదానివంటిదే. ఏది కావలెనో తెలియక, తులిప్ గ్లాసును, సన్నగా పొడవుగానున్న సాదా గ్లాసును రెంటినిగొని బయలుదేరితిని.

ఖానాపూరు గోదావరి యుత్తరతీరమున నున్నది. 2016వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది. పిమ్మట నిర్మల జిల్లాలో జేరినది. బుద్ధుని దర్శింప శిష్యులను బంపిన బావరి యాశ్రమము ఇచ్చటి బాదనకుర్తికడ నుండెనని కొందరు చరిత్రకారుల తలంపు. సురాపానము మానుట పంచశీలములలో నొకటి. నా సంచిలోని మూటను దలచుకొని నాకు నవ్వువచ్చినది. ఊరికి సమీపమున 1891-92లో నిజాము ప్రభుత్వమువారు కట్టించిన సదర్మాటు ఆనకట్ట కలదు. 2018లో దీనికి బ్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడముగా గుర్తింపు లభించినది. నీరు రాతికట్టమీదుగా బొరలి తెల్లని తెరవలె జారుచుండగా నెంతసేపు చూచినను దనివిదీరదు. మా యక్కగారి పొలము దీని కాలువక్రిందిదే.

పొలమునకు బోవుదారిలో, తాటిచెట్టు నీడను నలుగురు కూర్చుండిరి. గౌడు లొట్టి వంచి కల్లు పోయుచుండగా, తాటాకును దోనెవలె మడచి పెదవికడ బట్టి త్రాగుచుండిరి. నేను నిలిచి చూచితిని. అక్క చేయి లాగినది. ఆ యాకును నిండుగ నుండగా గ్రింద బెట్టుటకు వీలులేదు. పోయువాడొకడు, త్రాగువాడొకడు, పోయువాని కన్నెప్పుడును త్రాగువాని మీదనే యుండును. అడవిగూడెములలోని గోండులు ఇప్పసారాను మోదుగాకు దొప్పలో బోసికొని, మొదట గొన్ని చుక్కలు నేలకు విడిచి, వేల్పులను దలచి త్రాగుదురు. ఆ దొప్ప మరునాటికి వాడిపోవును; దాచుకొనుటకు బనికిరాదు. (ఆ యిప్పపూవుతోనే ఉట్నూరులో ఆదివాసిస్త్రీలు లడ్లు చేసి యమ్ముచున్నారు. బహురుచి!)

ఆ రాత్రి పిల్లలు నిద్రించిన పిమ్మట నక్క అసలుమాట చెప్పినది.

"మీ బావగారు ఒక్క గ్లాసే త్రాగితినని పిల్లలమీద బ్రమాణము చేయుదురు. అది యబద్ధము కాదు. కాని యది స్టీలుగ్లాసు. లోనెంతయున్నదో నాకు గనబడదు, ఆయనయు జూడరు. తెల్లవారిన నా గ్లాసుతోనే చిన్నదానికి బాలిచ్చుచున్నాను."

నేను మాటాడలేకపోయితిని. భారతములోని శుక్రాచార్యుడు జ్ఞప్తికి వచ్చినాడు. కచుని భస్మము గలిపిన సురను ఎరుగక త్రాగి, పిదప మద్యమునే శపించినాడు. ఆయన చషకము గాజుదైయుండిన నడుగున భస్మము గనబడెడిదేమో! 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై దిరుగబడగా 1993లో సారాయు, 1995లో సమస్తమద్యమును నిషిద్ధమైనవి. 1997లో నా సంపూర్ణనిషేధము సడలినది. ఒంటరి యిల్లాలు అంతపని చేయజాలదు. ఆమె చేతికందినది గ్లాసొక్కటే.

నేను దెచ్చిన రెంటిని ముందుంచితిని. అక్క తులిప్ గ్లాసును ద్రిప్పి చూచి, "వాసన యెవరికి గావలెను? నాకు లోతు కనబడవలెను" అని త్రోసివేసినది. మందుసీసాతో వచ్చిన కొలతమూతతో 30 మిల్లీలీటర్లు నీరుగొలిచి — దీనినే చిన్న పెగ్గందురు — మూడు పాత్రలలోను బోసి చూచితిమి. వెడల్పైన స్టీలుగ్లాసులో నది యడుగు తడిసినట్లే యున్నది. సన్నని గాజుగ్లాసులో రెండువ్రేళ్ల యెత్తు నిలిచినది. వెడల్పుపాత్రలో నెంతపోసినను జాలదనిపించుట పాలు పోయు తల్లులందరెరిగినదే. అక్క మరొక మూతెడు పోసి, ఆ 60 మిల్లీలీటర్ల మట్టమున గ్లాసుచుట్టు పసుపుదారము బిగించి ముడివైచినది. స్టీలుగ్లాసును బిల్లల పాలకు వేరుగా దీసి, పిడకతో నాలుగుమారులు తోమినది.

మరునాటి సాయంకాలము బావగారు ఆ గ్లాసును, దారమును జూచి యక్కవంక జూచిరి. ఆమె బియ్యమేరుచు దల యెత్తలేదు. ఆయన దారమువరకే పోసికొనిరి. నేనుండిన మూడుదినములును నట్లే జరిగినది. నేను వచ్చి నెలయైనది. అక్క జాబు వ్రాసినది. వరి పొట్టకు వచ్చినదనియు, చిన్నదానికి దగ్గు తగ్గినదనియు నున్నది. దారముమాట వ్రాయలేదు.