మొదటి అరవై అడుగులు

ఇస్మాయిల్‌ఖాన్‌పేట అనగానే సంగారెడ్డి చుట్టుపక్కల వాళ్లకు దుర్గా భవానీ గుడి గుర్తొస్తుంది. కొత్త బండి కొన్నవాళ్లు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి మళ్లుతారు. నేను వెళ్లింది మాత్రం ఊరి చివరి రేకుల షెడ్డుకు. అక్కడ లిఫ్ట్ మీద ఒక తెల్ల స్విఫ్ట్ ఉంది. ఓనరు పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ చేసే కుర్రాడు. రోజూ డ్యూటీకి తీసుకెళ్లే ఆ బండినే బయటి రాష్ట్రంలో జరిగే డ్రాగ్ మీట్‌లో పరుగెత్తించాలని అతని కోరిక. పోటీ దూరం క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు.

కుర్రాడు డబ్బులు కూడబెట్టుకుని, పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ చిప్‌ను రీమ్యాప్ చేయించుకుందామని వచ్చాడు. మెకానిక్ ముందుగా డిక్కీ తెరిపించాడు. "స్టెప్నీ, జాకీ, సబ్‌వూఫర్... ఇవన్నీ మోస్కుంట ఉరుకుతవా తమ్మీ? ముందు ఇవి దించు. చిప్ సంగతి తర్వాత చూద్దాం."

ఆ మాట వెనక లెక్క ఉంది. బండి బరువును పౌండ్లలో తీసుకుని హార్స్‌పవర్‌తో భాగించి, వచ్చినదానికి ఘనమూలం కట్టి, 5.825తో గుణిస్తే క్వార్టర్ మైలు సమయం సుమారుగా తెలుస్తుంది. డ్రైవర్‌తో కలిపి 960 కిలోలు తూగే, 90 పీఎస్ ఇంజిన్ ఉన్న స్విఫ్ట్‌కు అది 16.8 సెకన్లు చూపిస్తుంది. పోటీ జరిగే డ్రాగ్ స్ట్రిప్ మీద మామూలు బండి ఈ అంకెను అందుకోదు. ఆ తేడాలో కొంత గేర్‌బాక్స్‌లో పోయే శక్తి, మిగతాది టైర్లూ డ్రైవరూ. ఘనమూలం వల్ల బరువు పది శాతం తగ్గినా, పవర్ పది శాతం పెరిగినా సమయం తగ్గేది మూడు శాతం చిల్లరే. స్విఫ్ట్ ట్యాంకు 37 లీటర్లది. నిండుగా పోస్తే పెట్రోలే 27 కిలోలు. ట్యాంకులో పావు వంతే ఉంచి, స్టెప్నీ సామాను దించితే 35 కిలోలు పోతాయి. అంటే సుమారు 0.2 సెకను. టర్బో లేని ఇంజిన్‌కు రీమ్యాప్ ఇచ్చేది కూడా దాదాపు అంతే. అదీ డబ్బు పోసి.

తర్వాత కుర్రాడు మోజుపడి వేయించుకున్న పెద్ద అల్లాయ్ చక్రాల వంతు వచ్చింది. చక్రం బరువెక్కితే తిప్పడానికే శక్తి పోతుంది. టైరు బయటి చుట్టుకొలత కూడా పెరిగితే గేరింగ్ బారై, బండి మొదట్లో బద్ధకిస్తుంది. కంపెనీ ఇచ్చిన పాత ఉక్కు చక్రాలే మళ్లీ ఎక్కాయి. కుర్రాడి మొహం చిన్నబోయింది కానీ ఎదురు చెప్పలేదు.

అసలు ఆట మొదటి అరవై అడుగుల్లోనే ఉందని ఈ షెడ్డులో పదేపదే వినిపిస్తుంది. అక్కడ ఒక పదో వంతు సెకను మిగిలితే, ముగింపు గీత దాటేసరికి అది ఒకటిన్నర పదో వంతు అవుతుంది. స్విఫ్ట్ ముందు చక్రాలతో నడిచే బండి. ఒక్కసారిగా కదిలినప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, లాగాల్సిన ముందు టైర్లు తేలికై జారతాయి. అందుకే స్ట్రిప్ మీద పరుగు వరకు మాత్రమే ముందు టైర్లలో గాలి నాలుగైదు పీఎస్‌ఐ తగ్గించి, వెనక టైర్లలో కాస్త ఎక్కించుకుంటారు. తిరిగి రోడ్డెక్కేముందు గాలి సరిచేసుకోవాల్సిందే. క్లచ్ కూడా అంతే. నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర కాలు తీసేస్తే పొగ బాగా వస్తుంది, బండి మాత్రం అక్కడే ఉంటుంది. రెండున్నర వేల దగ్గర మొదలుపెట్టి, పరుగు పరుగుకూ కొంచెం పెంచుతూ టైరు పట్టు ఎక్కడ తప్పుతోందో కనిపెట్టాలి. ఏసీ ఆఫ్. గాట్లున్న మామూలు టైరుకు, స్టార్ట్ లైన్ ముందు టైర్లు తడుపుకునే వాటర్ బాక్స్‌తో పని లేదు, దాని పక్కనుంచే వెళ్లాలి. గాట్లలో చేరిన నీళ్లు స్టార్ట్ లైన్ దాకా వచ్చి అక్కడే కారతాయి.

గడియారం సంగతి కొత్తవాళ్లకు తెలియదు. పచ్చదీపం వెలిగిన క్షణం నుంచి కాదు, ముందు టైరు స్టార్ట్ లైన్ దగ్గరి కాంతిరేఖను వదిలిన క్షణం నుంచే పరుగు సమయం లెక్కలోకి వస్తుంది. బండి గీత మీదికి చేరిందని చూపే రెండో దీపం వెలిగీ వెలగగానే ఆపితే, గడియారం మొదలయ్యేలోపు బండికి దాదాపు అడుగు దూరం ఊపు దొరుకుతుంది. కొన్ని వందో వంతులు ఊరికే కలిసొస్తాయి.

వాతావరణానిది పెద్ద చెయ్యి. ఈ ప్రాంతం సముద్ర మట్టానికి సుమారు అయిదు వందల మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి గాలి అసలే కొంత పలచన. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలప్పటి గాలితో పోలిస్తే మే మధ్యాహ్నం 40 డిగ్రీల గాలి ఎనిమిది శాతం పలచన. టర్బో లేని ఇంజిన్ బలం ఇంచుమించు అదే లెక్కన పడిపోతుంది. ఏ స్పానరూ పట్టకుండానే దాదాపు అర సెకను తేడా.

ఒక్క పని మాత్రం మెకానిక్ ససేమిరా అన్నాడు. పటాన్‌చెరు వైపు లేత్ షాపులకు లోటు లేదు కదా, ఫ్లైవీల్ చెక్కించి తేలిక చేద్దామని కుర్రాడు అడిగాడు. పోత ఇనుప ఫ్లైవీల్‌ను పలచన చేస్తే ఎక్కువ ఆర్‌పీఎంలో పగిలి, ముక్కలు కాళ్ల మీదికే రావచ్చు. ఉక్కుతో చేసినది కొనే స్తోమత వచ్చేదాకా ఆ ఊసే వద్దన్నాడు.

ఇంత శ్రమా ఎక్కడ పరీక్షించుకోవాలి? ఇదే జిల్లాలో సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ టైర్లు తయారవుతాయి, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో సైన్యానికి యుద్ధ వాహనాలు. కందిలోని ఐఐటీలో డ్రైవర్ లేని బండ్ల పరీక్షా కేంద్రం తిహాన్ 2022 జులైలో మొదలైంది. ఇన్ని ఉన్న చోట సొంత కారును చట్టబద్ధంగా 402 మీటర్లు పరుగెత్తించే స్ట్రిప్ లేదు. పక్కనే హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఎలక్ట్రిక్ కార్ల పోటీ ఫార్ములా ఈ జరిగింది, మరుసటి ఏడాది పోటీ రద్దయింది. బైకుల జాతీయ డ్రాగ్ పోటీలకు చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై వెళ్లాలి. కార్ల డ్రాగ్ పోటీ వ్యాలీ రన్ మహారాష్ట్రలో ఆంబీ వ్యాలీ రన్‌వే మీద జరుగుతూ వచ్చింది.

దగ్గర్లో ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, కుర్రాళ్ల కన్ను దాని మీదే. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. శిక్ష కంటే ఎదురొచ్చే కుటుంబం గురించే నాకు ఎక్కువ భయం. అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే గొడవ. వాలీ పార్క్స్ 1951లో డ్రాగ్ పోటీల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏను స్థాపించి, వీధి పందాల కుర్రాళ్లను కట్టుబాట్లున్న చోటికి మళ్లించాడు. ఆ సంస్థ మొదటి అధికారిక పోటీ 1953లో పొమోనా సంతమైదానం పార్కింగ్ స్థలంలో జరిగింది. కిలోమీటరుకు పైగా తిన్నని తారు రోడ్డు, పక్కన గోడలు, అంబులెన్సు, టైమింగ్ దీపాలు ఉంటే చాలు. పారిశ్రామికవాడల మధ్య ఇంత జాగా దొరకదంటే నేను నమ్మను.

షెడ్డులో ఆఖరి మాట పద్ధతి గురించి. మీట్ రోజు మొదటి పరుగు ఏమీ మార్చకుండా పెట్టాలి. తర్వాత పరుగుకు ఒక్క మార్పే, సమయం, వేగం అచ్చయి వచ్చే ప్రతి స్లిప్పూ దాచాలి. గీత దగ్గరి వేగం మారకుండా సమయం తగ్గితే అది టైర్లదీ కాలిదీ. వేగమూ పెరిగితే ఇంజిన్‌ది. కుర్రాడు ఫోన్‌లో రాసుకుంటూ, "మరి రీమ్యాప్ ఎప్పుడన్నా?" అన్నాడు. "పది స్లిప్పులు పట్టుకరా, అప్పుడు చూద్దాం" అంటూ మెకానిక్ లిఫ్ట్ దించాడు.