దారమూ గుండూ

మా నాన్నగారు తెనాలి ప్రాంతంలో తాపీమేస్త్రీ. దిల్లీలో మేము కాపురముంటున్న ఇంటికి మొదటిమారు వచ్చినప్పుడు ఆయన ముందుగా పరామర్శించినది గోడలను. దారానికి ఇత్తడి గుండు కట్టి గోడ వెంట వ్రేలాడదీసి, "కన్ను మోసపోవచ్చునమ్మా, గుండు అబద్ధమాడదు" అన్నారు. ఆ మాటను చిరకాలం నమ్మి ఉన్నాను.

ఆయన గతించిన కొన్నేండ్లకు, భూమికొలతల చరిత్రను గూర్చిన ఒక హిందీ వ్యాసాన్ని తెలిగించవలసివచ్చింది. 'గురుత్వాకర్షణ' అన్న మాట రెండు భాషలకూ ఒకటే గనుక శ్రమ ఉండదనుకొన్నాను. కాని చదివినకొద్దీ నాన్నగారి మాటకే గండం వచ్చినట్లు తోచింది.

జార్జి ఎవరెస్టు ఆధ్వర్యవంలో సాగిన సర్వేలో, దిల్లీకి ఉత్తరాన ఉన్న కలియానాకూ మధ్యభారతంలోని కలియాన్‌పూరుకూ గల అంతరాన్ని రెండు విధాల లెక్కించారు: నేలమీది త్రిభుజాల వలన ఒకమారు, నక్షత్రాలను చూచి మరియొకమారు. రెండింటికీ సుమారు 5 వికలల భేదం వచ్చింది. వికల అనగా డిగ్రీలో 3600వ వంతు. నక్షత్రాలను కొలిచేవారికి నడినెత్తి ఏదో చెప్పేది వ్రేలాడే గుండే గదా! హిమాలయాల రాశి ఆ గుండును తనవైపు లాగుతున్నదని తలచి, కలకత్తాలో క్రైస్తవ మతాధికారిగా ఉన్న ప్రాట్ 1855లో లెక్క ప్రకటించాడు. లెక్క ప్రకారం భేదం సుమారు 16 వికలలు ఉండాలి, ఉన్నది 5.

అంతటి పర్వతం అంత స్వల్పంగా లాగడమేమి? ఆ యేడే ఎయిరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సమాధానం సూచించాడు. పర్వతాల తేలికపాటి శిల లోతుగా వేళ్లు తన్ని, అడుగునున్న బరువైన పొరపై, నీటిమీది తెప్పవలె తేలుతున్నదట. పైకి కనబడే బరువును అడుగునున్న లోటు సరిచేస్తున్నది.

1970వ దశకంలో వెరా రూబిన్, ఆమె సహచరులు గెలాక్సీల అంచులలోని వేగాలను కొలిచినప్పుడు ఇందుకు విపర్యయం కనిపించింది. అక్కడ కంటికి ఆనే పదార్థానికి మించిన ఆకర్షణ ఉన్నది. ఆ కనబడని పదార్థమేదో నేటికీ తేలలేదు.

అనువాదం ముగించిననాడు తెలిసివచ్చింది: గుండు ఎక్కడా అబద్ధమాడలేదు. పర్వతాన్ని చూచి బరువును నిర్ణయించినది మన కన్ను. నాన్నగారి మాటలో రెండవ సగమే జ్ఞాపకముంచుకొని, మొదటి సగాన్ని నేను విడిచిపెట్టాను. మూలానికి విధేయంగా ఉండడమే వృత్తిగా బ్రతికిన నాకిది చిన్న తప్పు కాదు.

ఆ రాత్రి పెట్టెలోనుంచి ఇత్తడి గుండును తీసి వరండాలో వ్రేలాడదీశాను. కొంతసేపు ఊగి నిలిచింది. సరిగా నిలువుగా ఉన్నట్లే నా కంటికి తోచింది.