మూలన సంతకం

30 మార్చి 2025, ఉగాది

పొద్దున్నుంచీ ఫోన్లో శుభాకాంక్షలే. ఈసారి వేపపువ్వూ మామిడిపిందే కాదు, మనుషులే బొమ్మలై వచ్చారు. తోడల్లుడి కుటుంబం, పాత విద్యార్థి పెళ్లిఫొటో, అరసవల్లి గుడి ముందు నిలబడ్డ దంపతులు. అందరికీ జపాన్ జిబ్లీ సినిమాల్లోని గుండ్రటి మొహాలే. ఛాట్‌జీపీటీలో ఫొటోను ఇలా బొమ్మగా మార్చే సదుపాయం వచ్చి వారం కూడా కాలేదు. మియాజాకీ, ఆయన తోటివాళ్లు 1985లో స్టూడియో పెట్టి నలభై ఏళ్లుగా చేత్తో గీసి గీసి సాధించుకున్న తీరు అది. ముచ్చటగానే ఉంది, కాదనను. చూస్తూ చూస్తూ ఉంటే గుండెలో ఎక్కడో కలుక్కుమంది.

12 ఏప్రిల్

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర పాత బోర్డు ఆర్టిస్టు కనిపించారు. ఒకప్పుడు ఊళ్లో సగం కొట్ల పేర్లు ఆయన చేతివే. సుద్దముక్కతో గీత కొట్టి, ఎనామిల్ రంగుతో అక్షరం దిద్ది, పక్కన షేడు ఇచ్చారంటే అది గోడ మీంచి లేచి నిలబడేది. ఫ్లెక్సీ మిషన్లు రాగానే ఆ పని పోయింది. 2022 ఆగస్టులో ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రభుత్వం అన్నప్పుడు, అటక మీది డబ్బాలు దింపి మూత తీశారట. లోపల రంగు రాయిలా గడ్డకట్టి ఉందట.

నా బొమ్మల పని సంగతి అడిగారు. యంత్రాల బొమ్మల గురించి చెప్పాను. కాసేపు ఊరుకుని, "అప్పుడు సేతి మీదకొచ్చింది బాబూ. ఇప్పుడు బుర్ర మీదకొస్తంది" అన్నారు.

18 జూన్

వేసవిలో ఒకరు కథల పుస్తకానికి అట్టబొమ్మ అడిగారు. వంశధార రేవు, పడవ, ఒడ్డున ఎదురుచూసే ముసలమ్మ. మూడు చిత్తు బొమ్మలు పంపాను. ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ పుస్తకమే పోస్టులో వచ్చింది. అట్ట మీద నా రెండో చిత్తులోని అమరికే, గీసింది మాత్రం యంత్రం. పడవవాడి తెడ్డు నీళ్లను తాకనే లేదు.

డబ్బు పోయినందుకు బాధే. అంతకంటే బాధపెట్టింది కింద కుడి మూల. అక్కడ సంతకంలాంటి గీత ఒకటుంది. భూతద్దం పెట్టి చూశాను. ఏ భాషలోనూ అది అక్షరం కాదు. ఇలాంటి యంత్రాలకు చదువు చెప్పడానికి వాడిన లైయన్ అనే ఒక్క సంకలనంలోనే 585 కోట్ల బొమ్మల జాడలున్నాయి. వాటిలో చాలా బొమ్మల మూలల్లో ఏదో గీత కనబడేసరికి, బొమ్మంటే మూలన అలాంటిదొకటి ఉండాలని యంత్రం నేర్చుకుంది. అది ఒక మనిషి పేరని దానికి తెలియదు.

4 జులై

చట్టం చదివాను. మన 1957 నాటి కాపీరైటు చట్టం చిత్రకారుడి బొమ్మకు అతని జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు రక్షణ ఇస్తుంది. చిత్రకారుడు వపా, అంటే వడ్డాది పాపయ్యగారు, పోయింది 1992లో. ఆ లెక్కన 2052 చివరి దాకా ఆయన బొమ్మను ఎవరూ ఊరికే అచ్చు వేసుకోకూడదు. ఆయన తీరును మాత్రం ఎవరైనా అనుకరించవచ్చు. తీరుకు హక్కు లేదు. తీరు కూడా ఒకరి సొత్తయితే తర్వాతి తరం నేర్చుకునేదెలా? అందుకే చట్టం ఆ తలుపు తెరిచే ఉంచింది. ఆ తలుపులోంచి కోట్ల బొమ్మలు ఒక్కసారిగా తరలిపోతాయని ఆనాడు ఎవరనుకున్నారు?

అమెరికాలో సారా ఆండర్సన్, కెల్లీ మెకెర్నన్, కార్లా ఓర్టిజ్ అనే ముగ్గురు చిత్రకారులు 2023 జనవరిలో ఇలాంటి బొమ్మల యంత్రాలు చేసే కంపెనీల మీద దావా వేశారు. వాళ్ల కష్టమంతా ఒక్క మాటలో ఉంది: మమ్మల్ని అడగలేదు.

22 జులై

తొమ్మిదో తరగతిలో నా డ్రాయింగు పీరియడు. మామిడాకు గీయమన్నాను. వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "ఫోన్లో సెప్తే బొమ్మొచ్చెస్తాది గదండి మేస్టారూ, మరి మనమెందుకండి గీడం?"

మంచి ప్రశ్న. దానికి తగ్గ జవాబు నా దగ్గర లేదు. "ఆలోచించి చెబుతాను" అన్నాను.

27 ఆగస్టు, వినాయక చవితి

మా వీధి పందిరి ఫ్లెక్సీ మీద యంత్రం వేసిన వినాయకుడు. మేఘాలు, బంగారు కాంతి, మెరిసే కిరీటం. రెండు దంతాలూ నిండుగా ఉన్నాయి. ఏకదంతుడి కథ ఆ పందిట్లోనే మైకులో చదువుతున్నారు. ఎవరూ తలెత్తి చూడలేదు. బొమ్మలో తప్పుంటే దిద్దవచ్చు. చూసేవాళ్ల కళ్లు చూడడం మానేస్తే ఎవరు దిద్దుతారు?

29 ఆగస్టు

గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవర గిరిజనుల భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని దాన్ని నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు. సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. తీసుకున్నది పలకా పుస్తకంగా తిరిగి వాళ్ల చేతికే వెళ్లింది.

సవర ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు గుర్తొచ్చాయి. ఒంట్లో బాగోకపోతేనో, పంట చేతికొస్తేనో, పోయిన పెద్దలు కలలో కనబడి అడిగితేనో వేస్తారు. ఆ బొమ్మ ఆ పెద్దలు వచ్చి ఉండే ఇల్లు. దాని మూలన సంతకం ఉండదు. అయినా అది ఎవరి గోడ, ఎవరి కోసం, ఎవరు అడిగితే వేశారు అన్నది ఊరంతటికీ తెలుసు. ఇప్పుడు ఫోన్లో "గిరిజన చిత్రం" అని కొడితే అలాంటి పుల్లల మనుషులు వరసకట్టి వస్తారు. ఆ ఇంట్లో ఉండే పెద్దలెవరూ లేరు.

అప్పుడు అర్థమైంది, నేను వెతుకుతున్నది సంతకం కాదని. బొమ్మ వెనక జవాబు చెప్పే మనిషి కావాలి.

10 సెప్టెంబరు

వపా పుట్టినరోజు. 1921లో ఇదే శ్రీకాకుళంలో పుట్టారు. తండ్రి డ్రాయింగు మాస్టారు. తర్వాత చందమామ అట్టల మీద, యువ పత్రికలో ఆయన వేసిన బొమ్మల కోసమే పుస్తకాలు దాచుకున్న ఇళ్లు ఎన్నో.

స్నేహితుడు వాదించాడు: "వపా రవివర్మను చూసి నేర్చుకోలేదా? యంత్రమూ అంతే కదా?" రాత్రంతా అదే ఆలోచన. నిజమే, చూసి నేర్చుకోవడం తప్పయితే మాలో ఎవరూ మిగలం. కానీ వపా నేర్చుకుని వేరయ్యారు. రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే చిన్నపిల్లలైనా ఏది ఎవరిదో విడదీస్తారు. ఆ వేరుపడడానికి ఏళ్లు పట్టాయి, ఆ ఏళ్లను ఆయనే భరించారు. రవివర్మ కూడా 1894లో అచ్చుయంత్రం పెట్టి దేవుళ్లను ఇంటింటికీ పంపారు. యంత్రం అప్పుడూ ఉంది. అది ఎవరి బొమ్మను మోస్తోందో అందరికీ తెలుసు.

పల్లెలో డబ్బుల్లేని తల్లి కూతురి ఓణీల ఫంక్షనుకు ఫోన్లో కార్డు చేసుకుంటే నాకేం కష్టం లేదు. చిత్రకారుల బొమ్మలు కోట్లకొద్దీ పోగేసుకుని వ్యాపారం చేసేవాళ్లను మాత్రం మూడు అడుగుతాను. ముందు అడగండి. పేరు చెప్పండి. కూలి ఇవ్వండి. బోర్డు ఆర్టిస్టుకి ఈ మూడూ తెలుసు, ఏ చట్టమూ చదవకుండానే.

10 అక్టోబరు

వెనక బెంచీ కుర్రాడు మంగళవారం బడి ఎగ్గొట్టి విజయనగరం వెళ్లొచ్చాడు, పైడితల్లమ్మ సిరిమానుకి. పండగకి ముందు తన ఫోన్లో సిరిమాను అడిగి చూశాడట. రథం వచ్చిందట. ఇవాళ చెప్పకుండానే కాగితం తెచ్చాడు. అరవై అడుగుల చింతమాను, దాని చివర కట్టిన ఆసనంలో పూజారి. మానును విల్లులా వంచి గీశాడు.

"ఇలా వంగుతుందా?" అన్నాను.

"వంగింది మేస్టారూ. నాను సూసినాను."

జులైలో బాకీపడ్డ జవాబు వాడే తెచ్చిచ్చాడు. కింద కుడి మూల ఖాళీగా ఉంది. పేరు రాయలేదేం అని అడిగాను.

"ఇంకా అవ్వలేదండి" అని కాగితం వెనక్కి తీసుకున్నాడు.